సోమవారం సెల్ఫు

మిల్లు గేటుకి తాళం పడ్డ రోజున
మేనేజరు గారు నా చేతిలో పెట్టింది
ఒకే ఒక్క తాళంచెవి, తెల్ల అంబాసిడర్‌ది.
"వారానికోసారి స్టార్ట్ చేస్తూ ఉండు, బాటరీ దిగిపోతుంది" అన్నారు.
జీతం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు.
నా వెనకాల ఆరువందల మంది నిలబడి ఉన్నారు.
వాళ్ళని స్టార్ట్ చేస్తూ ఉండమని
ఆయన ఎవరికీ చెప్పలేదు.

రాజాం దాటాక పాలకొండ రోడ్డులో
ముందు గోనెనార వాసన పోయింది.
తర్వాత టీ బడ్డీ.
తర్వాత సైరను విని గడియారం దిద్దుకునే అలవాటు.
సోమవారం మాత్రం పోలేదు.
పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి
వాచ్‌మన్ ముత్యాల్ని లేపి, బానెట్ ఎత్తి
తెల్లగా పొక్కిన టెర్మినళ్ళని వేణ్ణీళ్ళతో కడిగి
వాసలీను రాసి
సెల్ఫు కొడితే
రెండుసార్లు దగ్గి మూడోసారి ఒప్పుకునేది ఇంజను.
పావుగంట. బండి కదలకుండా, ఊరికే.
పెట్రోలు నా జేబులోది.

బాటరీ షాపు గవర్రాజు విని నవ్వాడు:
"పావుగంట తిప్పితే సెల్ఫు తిన్నదే తిరిగి రాదురా.
మైనస్సు ఇప్పీ ముందు. తరవాత ప్లస్సు.
పెట్టీటప్పుడు దానికి ఎదురు, మైనస్సు ఆకర్న.
ఇంటికట్టుకెల్లి సన్న కరెంటు మీద పెట్టు, రాత్రల్లా.
మరీ తాగించీకు, మరీ ఎండగట్టీకు.
పసిబిడ్డనుకో."
పదిహేను కిలోల పసిబిడ్డని
సైకిలు కేరేజీకి మా మిల్లు గోనెతాడుతోనే కట్టి తెచ్చాను.

దాలమ్మ మొదట ఏమీ అనలేదు.
కరెంటు బిల్లు వచ్చాక అంది:
"జీతం నేని బండికి
మన మీటరు తిప్పి తిండెడతన్నావేటి?"
జవాబు లేక పీట తుడిచాను.
డిస్టిల్డ్ వాటరు సీసా దేవుడి గూట్లో,
దీపం నూనె పక్కన.
నిజం చెప్పాలంటే
హైడ్రోమీటరులో బుడిపె తేలి పచ్చగీత దగ్గర ఆగినప్పుడల్లా
నేనింకా డ్రైవర్నే అనిపించేది.

అక్టోబరులో తుఫాను.
స్తంభాలు చెరుకుగడల్లా విరిగాయి.
మొదటి రాత్రి చిన్న బల్బొకటి వెలిగించాను, మా ఇంటి మట్టుకే.
వెలుగు చూసి వీధి వచ్చింది.
చాప మీద పదకొండు ఫోన్లు వరసగా పడుకున్నాయి.
స్పిన్నింగులో చేసిన సత్యం, బేచింగులో చేసిన అచ్చియ్యమ్మ,
ఆ రోజు గేటు దగ్గర నా వెనకాల నిలబడ్డవాళ్ళే.
కంపెనీ బాటరీ కదా అని ఒక్కరూ అనలేదు.
నేనూ అనలేదు.
"అలో... ఉన్నాం, ఉన్నాం" అంటూనే ఉన్నారు
మూడు రాత్రులు.

నాలుగో పొద్దున బుడిపె ఎర్రగీత కిందికి మునిగిపోయింది.
ఒకసారి అడుగంటితే పలకల మీద ఉప్పు పేరుకుంటుందని,
మళ్ళీ మునపటిలా లేవదని
గవర్రాజు ఎప్పుడో చెప్పాడు.
దాలమ్మ దాని మీద అరచెయ్యి వేసింది,
జొరం చూసినట్టు.
"సచ్చిపోద్దా?"

తొమ్మిదో రోజుకి కరెంటు వచ్చింది.
సన్నగా, రెండు రాత్రులు పెట్టాం.
"తిరగనీ మీటరు" అంది. తనే.

సోమవారం.
షెడ్డు రేకు ఒకటి లేచిపోయి బండి నిండా ఆకులు.
ప్లస్సు ముందు. మైనస్సు ఆకర్న.
టక్.
ముత్యాలు బీడీ దించాడు.
మళ్ళీ. రెండు దగ్గులు. మూడోది రాలేదు.
కాసేపు స్టీరింగు మీద చేతులేసుకుని కూర్చున్నాను,
మావగారి ఇంట్లో డబ్బడగడానికి వెళ్ళినట్టు.
అయిదోసారికి, పాత సణుగుడుతో, అందుకుంది.
లూముల ఖాతా కప్పులోంచి పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.
సైరను ఆగాక ఈ మిల్లు చేసిన పెద్ద చప్పుడు అదే.

పావుగంట అయింది. ఆపబుద్ధి కాలేదు.
గేరు వేశాను.
గేటు దాకా వెళ్ళి, తాళం చూసి,
రివర్సులో వచ్చాను.
అంతే.

మైనస్సు ముందు విప్పి
గోనెతాడు బిగించుకుని ఇంటికొచ్చేసరికి
పీట తుడిచి పెట్టి ఉంది.